యుద్ధకాలం – ప్రజావినోదం

యుద్ధం అనగానే మనకు సైన్యాలు, ఆయుధాలు, జయాపజయాలు స్ఫురిస్తాయి. యుద్ధరంగానికి దూరంగా ఉన్న సామాన్యుడు ఆ రోజులను ఎలా గడిపాడన్న విషయం చరిత్రగ్రంథాలలో అరుదుగా కనిపిస్తుంది. భయం, కరవు, వదంతులు చుట్టుముట్టిన వేళ ఆటపాటలు అతనికి ఎలా తోడ్పడ్డాయో తెలుసుకోవడానికి రెండవ ప్రపంచయుద్ధం నాటి మన తీరాంధ్రం చక్కని నిదర్శనం.

1942 మార్చిలో జపాను సేనలు రంగూను నగరాన్ని ఆక్రమించాయి. దానితో బర్మా నుండి వచ్చే బియ్యం, కిరసనాయిలు నిలిచిపోయాయి. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు పడ్డాయి. శత్రువు సముద్రమార్గాన వచ్చి దిగుతాడన్న భీతితో మద్రాసు వాసులు పెద్దసంఖ్యలో నగరం విడిచి వెళ్లారు. ఆ నగరానికి ఉత్తరాన, అదే బంగాళాఖాతం ఒడ్డున ఉన్నది నెల్లూరు సీమ. కృష్ణపట్నం, మైపాడు వంటి తీరగ్రామాలకు అన్నం పెట్టే సముద్రం వైపే ఇప్పుడు ప్రమాదం పొంచి ఉంది.

నాటి తెలుగు చలనచిత్రాలకు మద్రాసే కేంద్రం. నగరం ఖాళీ కావడంతో చిత్రనిర్మాణం కుంటుపడింది. ముడిఫిల్ము విదేశాల నుండి ఓడలలో రావలసిందే. అందుచేత ప్రభుత్వం చిత్రాల నిడివిని 11,000 అడుగులకు, అంటే సుమారు రెండు గంటలకు పరిమితం చేసింది. అంతేకాక, తాను ఆమోదించిన యుద్ధప్రచార చిత్రాలను సినిమాహాళ్లు తప్పక ప్రదర్శించాలని 1943లో నిర్బంధించింది. ఆ సంవత్సరమే వాహినీవారి ‘భక్త పోతన’ ప్రేక్షకుల ఆదరణ చూరగొన్నది. తన కావ్యాన్ని రాజుకు అంకితమియ్యని కవి కథ అది. అట్టి కథను చూడవచ్చినవారు రాజ్యం చెప్పదలచిన మాటలను కూడా వినవలసివచ్చింది!

పల్లెల పరిస్థితి వేరు. తోలుబొమ్మలాటకు, వీధినాటకానికి, బుర్రకథకు ఫిల్ముతోనూ విద్యుత్తుతోనూ పనిలేదు. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి ఈ శక్తిని గుర్తించి బుర్రకథను తన సాధనంగా చేసుకొన్నది. సుంకర సత్యనారాయణ రచించిన ‘కష్టజీవి’ని షేక్ నాజర్ దళం ఊరూరా వినిపించింది. ఆ సంవత్సరం లక్షలాది ప్రాణాలను బలిగొన్న బెంగాలు కరవును కూడా నాజర్ బుర్రకథగా మలచాడు. పత్రిక చదవలేని రైతుకూలీకి ఎక్కడో దూరాన జరిగిన ఘోరం ఆ విధంగా ఆత్మీయుల దుఃఖమై వినిపించింది.

ప్రజానాట్యమండలికి మాత్రం ప్రచారోద్దేశం లేదా? ఉన్నది. అది కమ్యూనిస్టు ఉద్యమంతో పెనవేసుకొన్న సంస్థ. కాని రెండింటికీ ఒక భేదం గమనించదగినది. తెరమీద మాటలాడే బొమ్మను ప్రేక్షకుడు ప్రశ్నించలేడు. బుర్రకథలోనైతే ప్రశ్నకు ముందే చోటు ఉన్నది. కథకునికి ఇరుప్రక్కలా నిలిచే వంతలలో ఒకరు హాస్యం చెబుతారు, మరొకరు రాజకీయం మాట్లాడతారు. శ్రోతకు కలిగే సందేహాన్ని హాస్యగాడే ముందుగా అడిగివేస్తాడు. కథకుడు అందరి ఎదుటా బదులు చెప్పవలసిందే.

కష్టకాలంలో నవ్వు విలాసం కాదు. అది మనిషిని నిలబెట్టే ఊతకోల. అయితే బాధను క్షణకాలం మరపించే వినోదం వేరు, బాధకు కారణాన్ని మరుగుపరచే వినోదం వేరు. ఈ విచక్షణ యుద్ధకాలానికి మాత్రమే కాదు, నేటి మనకూ అవసరమే.