కొత్త కాపురం, కొత్త ఊరు: పల్నాటి లెక్కలు

మన దేశంలో అన్నిటికంటే పెద్ద వలస ఏదంటే గల్ఫ్ అనో, అమెరికా అనో, హైదరాబాద్ అనో చెబుతాం. లెక్కలు ఇంకో సంగతి చెబుతున్నాయి. కేంద్ర గణాంక శాఖ 2020 జూలై నుంచి 2021 జూన్ దాకా చేసిన శ్రామిక సర్వే ప్రకారం దేశంలో 28.9 శాతం మంది వేరే చోటి నుంచి వచ్చి స్థిరపడినవాళ్లే. మగవాళ్లను మాత్రమే లెక్కిస్తే 10.7 శాతం. ఆడవాళ్లను లెక్కిస్తే 47.9 శాతం, అంటే దాదాపు ఇద్దరిలో ఒకరు. ఎందుకు వచ్చావమ్మా అని అడిగితే అలా వచ్చిన ఆడవాళ్లలో 86.8 శాతం మంది చెప్పిన కారణం పెళ్లి. మగవాళ్లలో ఆ కారణం చెప్పింది 6.2 శాతమే.

ఇందులో పక్క ఊరికి కాపురానికి వెళ్లిన పిల్ల కూడా ఉంటుంది, రాష్ట్రం దాటి వెళ్లిన పిల్ల కూడా ఉంటుంది. ఇంత పెద్ద కదలికను మనం వలస అని అనుకోనే అనుకోం. ఉద్యోగానికి బదిలీ మీద వెళ్లే మనిషికి చేరడానికి గడువిస్తారు, సామాను ఖర్చులిస్తారు, పాత ఉద్యోగులు అద్దె ఇల్లు వెతికి పెడతారు. కాపురానికి వచ్చిన పిల్లకు మాత్రం సర్దుకుపొమ్మన్న సలహా ఒక్కటే దక్కుతుంది. నరసరావుపేటకో, మాచర్లకో, గురజాలకో కొత్తగా కాపురానికి వస్తున్న జంటల కోసం, ముఖ్యంగా ఆ ఊళ్లో ఒక్క ముఖమూ తెలియని అమ్మాయి కోసం ఈ లెక్కలు రాస్తున్నాను.

ముందు జిల్లా సంగతి. పల్నాడు జిల్లా పుట్టింది 2022 ఏప్రిల్ 4న. ఆ రోజే రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. విస్తీర్ణం 7,298 చదరపు కిలోమీటర్లు, మండలాలు 28, 2011 లెక్కల ప్రకారం జనం 20.42 లక్షలు. చదరపు కిలోమీటరుకు 280 మంది అన్నమాట. రాష్ట్ర సగటు 304. తెనాలి, భీమవరం లాంటి చోట్ల ఊరు అయిపోకముందే ఇంకో ఊరు మొదలవడం చూసి పెరిగిన పిల్లకు ఈ తేడా బస్సు కిటికీలోంచే తెలిసిపోతుంది. మిరప చేలు, పత్తి చేలు, నాపరాయి గనులు, పిడుగురాళ్ల దగ్గర సున్నపు బట్టీలు, నడుమ చాలా దూరం ఏమీ లేని నేల.

జిల్లా కేంద్రం నరసరావుపేట. 1797లో మల్రాజు వంశపు జమీందారు నరసారావు పేరు మీద వెలిసిన పేట, 1915లో మున్సిపాలిటీ అయింది, 2011కి జనాభా లక్ష దాటింది. జిల్లా కేంద్రమయ్యాక కలెక్టరేటు వచ్చింది, దానితో పాటు ఉద్యోగుల కుటుంబాలూ వచ్చాయి. ఇక్కడ ఎవరూ ఇంటి నంబరుతో చిరునామా చెప్పరు. గడియార స్తంభం, మల్లమ్మ సెంటర్, శివుడి బొమ్మ, పల్నాడు బస్టాండ్ అంటారు. ఈ నాలుగింటి మధ్య దారి తెలిస్తే ఆటోవాడికి చెప్పే గొంతులో ధైర్యం వస్తుంది. మొదటి వారంలోనే ఒక సాయంత్రం ఆ దారంతా నడవండి. బండి వెనక కూర్చుంటే దారి గుర్తుండదు.

నీళ్ల దగ్గర ఎక్కువసేపు ఆగాలి. పల్నాట్లో ఇల్లు చూడటమంటే మొదట నీళ్లు చూడటమే. కేంద్రం పెట్టిన కొలత ప్రకారం భూగర్భ డ్రైనేజీ ఉన్న పట్టణంలో మనిషికి రోజుకు 135 లీటర్లు అందాలి, అది లేని పట్టణంలో 70, పల్లెలో 55. ఇద్దరే ఉండే కాపురానికి 135 చొప్పున 270 లీటర్లు కావాలి. నాలుగు వాటాల ఇంటికి మిద్దె మీద వెయ్యి లీటర్ల ట్యాంకు ఒక్కటే ఉందనుకోండి. వాటాకు ఇద్దరు చొప్పున ఎనిమిది మందికి 1,080 లీటర్లు. ఒక్క రోజుకే చాలదు. పైకి వెళ్లి ట్యాంకు ఎన్ని లీటర్లదో చూడండి, ఎన్ని వాటాలకో అడగండి, పంపు రోజూ వస్తుందా రోజు విడిచి రోజా, ఏ వేళకు వస్తుందో పక్కింటి ఆవిణ్ణి అడగండి. ఇంటి ఓనరు చెప్పే జవాబు కన్నా ఆవిడ చెప్పేదే నమ్మదగినది, ఎందుకంటే బిందె పట్టేది ఆవిడే. బోరు నీళ్లు తాగడానికి పనికొస్తాయో లేదో కూడా తేల్చుకోండి. పల్నాట్లో ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లు తక్కువేం కాదు.

ఆ పంపులో వచ్చేది చాలామటుకు సాగర్ నీళ్లే. నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేసింది 1955 డిసెంబర్ 10న. ఇందిరా గాంధీ కాలువలకు నీళ్లు వదిలింది 1967 ఆగస్టు 4న. కుడి కాలువ పొడవు 203 కిలోమీటర్లు, దాని కింద ఆయకట్టు 11 లక్షల ఎకరాలకు పైనే. అంతకు ముందు ఈ నేల తిండి జొన్న. శ్రీనాథుడి పేరు మీద చెప్పుకునే చాటువుల్లో పల్నాటికి వచ్చి, సన్నన్నం దొరకక జొన్న తిని విసిగిన మనిషి గొంతు వినిపిస్తుంది. ఆయనది పదిహేనో శతాబ్దం. అప్పటి నుంచి 1967 దాకా దాదాపు అయిదు వందల ఏళ్ల పాటు ఈ నేల వానను నమ్ముకునే బతికింది. మీ అత్తగారి అత్తగారు ఉంటే అడగండి, కాలువ రాకముందు ఏం వండేవారో చెబుతారు. ఏ పుస్తకమూ చెప్పనంత చరిత్ర ఆ జవాబులో ఉంటుంది. పైగా కొత్త కోడలికి అత్తింట్లో మాటలు కలవడానికి వంట గురించిన ప్రశ్న మంచి దారి. కారం సంగతి వేరే చెప్పాలా? ఇక్కడి కూర మొదటి రోజు కళ్లనీళ్లు పెట్టిస్తుంది. నాకు తగ్గించండి అని అడగడానికి మొహమాటపడకండి.

ఇక ఎండ. వేసవిలో రాష్ట్రంలో ఎక్కువ ఉష్ణోగ్రత ఎక్కడంటే వార్తల్లో తరచూ వినిపించే పేరు రెంటచింతల. మాచర్లకూ గురజాలకూ మధ్య ఉన్న ఊరది. మైదాన ప్రాంతంలో 40 డిగ్రీలు దాటితేనే వడగాలుల లెక్క మొదలవుతుంది, 45కు చేరితే వాతావరణ శాఖ నేరుగా వడగాలి అని ప్రకటిస్తుంది. పల్నాటికి 45 కొత్త కాదు. అద్దె తక్కువని పై అంతస్తు వాటా తీసుకునేవాళ్లు మధ్యాహ్నం మూడింటికి వెళ్లి, శ్లాబు కింద పది నిమిషాలు నిలబడి చూడాలి. రాత్రి పూట చూసిన ఇల్లు వేసవిలో వేరుగా ఉంటుంది.

మన పెళ్లిళ్ల కాలం దీనితో ఎలా ముడిపడిందో చూడండి. వైశాఖ, జ్యేష్ఠ మాసాల ముహూర్తాలంటే మే, జూన్ నెలలు. అప్పటికి కాలువ కట్టేసి ఉంటుంది, ఊరంతా చెరువులో నిల్వ చేసిన నీటి మీద నడుస్తుంది, ఎండ నెత్తి మీద ఉంటుంది. కొత్త కోడలు సరిగ్గా అప్పుడు దిగుతుంది. నెలా నెలన్నరకు ఆషాఢం వచ్చి పుట్టింటికి వెళుతుంది. వెళ్లి అమ్మతో ఏం చెబుతుంది? ఎండ, నీళ్ల కరువు, తెలియని మనుషులు. తన తప్పు కాదు, తాను చూసిన ఊరదే. శ్రావణంలో తిరిగొచ్చేసరికి, కృష్ణకు వరద ఉంటే, కుడి కాలువలో నీళ్లు పారుతుంటాయి, చేలు తడుస్తుంటాయి, పేరంటాలు మొదలవుతాయి. కాబట్టి మేలో చూసిన పల్నాడుతో పల్నాడును తూచకండి. మొదటి నెల బెంగకు సగం కారణం ఊరు, సగం కారణం పంచాంగం అని ఇరువైపుల పెద్దవాళ్లకూ తెలిస్తే పిల్ల మీద మాటలు తగ్గుతాయి.

అద్దె ఇంటికి వెళ్లినప్పుడు ఇంకో ప్రశ్న ఎదురవుతుంది: "మీరేమిట్లు?" నీళ్ల గురించి మీరు అడిగేలోపే ఓనరు అడుగుతారు. పట్టణం ఏదైనా ఈ ప్రశ్న తప్పడం లేదు గానీ, పల్నాట్లో వింటే నాకు మరింత బాధ కలుగుతుంది. పన్నెండో శతాబ్దంలో బ్రహ్మనాయుడు కులాలన్నిటినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడని గర్వంగా చెప్పుకునే నేల ఇది. మాచర్ల, గురజాల మధ్య దూరం సుమారు 30 కిలోమీటర్లు. ఆ రెండు చోట్ల నుంచి ఏలిన అన్నదమ్ముల వైరమే కారెంపూడి యుద్ధానికి దారితీసింది, దాదాపు 1182లో. ఇప్పటికీ కార్తీక అమావాస్యకు కారెంపూడిలో అయిదు రోజులు వీరుల ఉత్సవాలు జరుగుతాయి, అందులో ఒక రోజు మందపోరు, చాపకూడుకే. కొత్త జంట మొదటి ఏడాదే వెళ్లి ఆ చాప మీద కూర్చుని తిని రావాలని నా కోరిక. మళ్లీ అద్దె ఇంటికి వస్తే, ఒప్పందం కాగితం గురించి ఒక్క మాట: సాధారణంగా 11 నెలలకే రాస్తారు. అడ్వాన్సు ఎంతో, ఎప్పుడు తిరిగిస్తారో అందులోనే రాయించండి.

పల్నాడు పేరు బయట గొడవలతోనే వినబడుతుంది. 2024 మే ఎన్నికలప్పుడు ఇక్కడి హింస దేశమంతా చూసింది. పిల్లనిచ్చే తల్లిదండ్రుల భయంలో నిజం లేదని నేను అనను. కాకపోతే ఆ వార్తలు కొన్ని రోజులవి, కొన్ని ఊళ్లవి. మిగతా రోజుల్లో ఊరెలా ఉంటుందో తెలుసుకోవడానికి బయటికి వెళ్లి తిరగడమే మార్గం. అవసరానికి 112, ఆడవాళ్ల సహాయానికి 181, ఈ రెండు నంబర్లు ఫోనులో ఉంచుకోండి. అవి అత్తింటి లోపలి కష్టానికీ పనికొస్తాయి.

తిరగడానికి ఇప్పుడు డబ్బు అడ్డం కాదు. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు సున్నా. గుర్తింపు కార్డు చూపితే చాలు. నరసరావుపేట నుంచి చిలకలూరిపేట సుమారు 20 కిలోమీటర్లు, వినుకొండ 40, గుంటూరు 45, మాచర్ల 80. కొత్తగా వచ్చిన పిల్లకు ఈ పథకం వల్ల మిగిలే రూపాయల కంటే ఇంకో లాభం పెద్దది: ఎక్కడికి వెళుతున్నావు, ఎంత కావాలి అని ఎవరి దగ్గరా చెయ్యి చాపక్కర్లేదు. కోటప్పకొండ దాదాపు 12 కిలోమీటర్లే. మాచర్ల కాపురమైతే ఎత్తిపోతల ఉంది, 70 అడుగుల ఎత్తు నుంచి దూకే నీళ్లు. కొన్నిచోట్లకు ఇద్దరూ వెళ్లండి, కొన్నిచోట్లకు అమ్మాయి ఒక్కతే వెళ్లి రావాలి. తోడు లేకుండా వెళ్లి తిరిగొచ్చిన మొదటి ఊరు మనసులో నిలిచిపోతుంది.

కోటప్పకొండ మాటొచ్చింది కాబట్టి శివరాత్రి చెప్పకుండా ఉండలేను. చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు వెదుళ్లతో, బొంగులతో ప్రభలు కట్టి, విద్యుద్దీపాలు అలంకరించి కొండ కిందికి తెస్తారు. పెద్దవి 80, 90 అడుగుల దాకా లేస్తాయి. కడుతున్నప్పుడే ఊళ్లో చందాలు, పోటీలు, కరెంటు తీగలు దాటించే పాట్లు, రాత్రుళ్లు జాగారాలు. అక్కడ ఎవరిని చూసినా తమ ఊరి ప్రభ ఏదో వేలు పెట్టి చూపిస్తారు. మీ అత్తవారి ఊరి ప్రభ ఏదో ముందే అడిగి ఉంచుకోండి. ఆ రాత్రి మీరూ చూపించవచ్చు.

కాగితాల పని త్వరగా ముగించండి. పెళ్లి రిజిస్ట్రేషన్ 2002 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం తప్పనిసరి. ఓటు మార్చుకోవడానికి 2022 ఆగస్టు నుంచి ఫారం 8. ఆధార్‌లో చిరునామాకు 2023 నుంచి ఇంటి పెద్ద అంగీకారంతో మార్చుకునే వీలుంది. భర్త ఆధార్‌లో కొత్త చిరునామా ముందు ఎక్కితే భార్య పని సులువవుతుంది. రేషన్ కార్డులో పేరు చేర్చడానికి వార్డు సచివాలయం. ఇవి 2019 అక్టోబర్ 2న మొదలయ్యాయి, పట్టణాల్లో సుమారు నాలుగు వేల మందికి ఒకటి. ఇంటిపేరు మార్చుకోవాలని ఏ చట్టమూ చెప్పడం లేదు. చదువు సర్టిఫికెట్లలో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు ఉంటే ఉద్యోగం దరఖాస్తు దగ్గర ఇబ్బంది పడేది ఆ అమ్మాయే. ఆ నిర్ణయం ఆమెకే వదిలెయ్యండి.

ఈ వ్యాసంలో జనాభా అంకెలన్నీ 2011వి. జిల్లా పుట్టింది 2022లో కాబట్టి పల్నాడును పల్నాడుగా ఎవరూ ఇంతవరకూ లెక్కపెట్టలేదు. పాత గుంటూరు జిల్లా లెక్కల్లోంచి విడదీసి వేసిన అంకెలివి. తదుపరి జనగణన 2027 మార్చి 1 నాటి లెక్కగా ఖరారైంది. 2011లో జనగణనకు ఇంటికి వచ్చినవాళ్లు అడిగిన ప్రశ్నల్లో ఇవి ఉన్నాయి: ఎక్కడ పుట్టారు, ఇంతకు ముందు ఎక్కడున్నారు, ఇక్కడికి ఎందుకు వచ్చారు, ఎన్నేళ్లయింది. ఉద్యోగం, వ్యాపారం, చదువు, పెళ్లి లాంటి కారణాల్లో ఒకటే రాసుకుంటారు. ఉద్యోగం వదులుకుని పెళ్లి మీద వచ్చిన అమ్మాయి ఉంటుంది, ఇక్కడ ఉద్యోగం చూసుకుని మరీ పెళ్లికి ఒప్పుకున్న అమ్మాయీ ఉంటుంది. ఆమె తరఫున మామగారో భర్తో చెబితే కాగితం మీద ఇద్దరూ ఒకే అంకెలో కలిసిపోతారు. ఎన్యూమరేటరు తలుపు తట్టినప్పుడు ఆ జవాబు ఆమెనే చెప్పనివ్వండి.