182 కిలోల్లో అన్నీ సర్దాలి: ఇంటర్‌సెప్టర్‌కి మార్పులు, సామాను

రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650 ఇంటికొచ్చాక చెయ్యి ఊరుకోదు. గుండ్రటి హెడ్‌లైటు, నీటిబొట్టులాంటి ట్యాంకు, అటొకటి ఇటొకటి సైలెన్సర్లు, ఇంజిన్‌ను దాచే తొడుగంటూ లేని ఒళ్లు. హ్యాండిల్ మార్చాలనిపిస్తుంది, సీటు మళ్లీ కుట్టించాలనిపిస్తుంది, వెనక మడ్‌గార్డు కోయించాలనిపిస్తుంది. ఆ బండి మీదే సామాను కట్టుకుని ఇద్దరూ అరకు వెళ్లిరావాలనీ ఉంటుంది. అన్నీ న్యాయమైన కోరికలే. కాకపోతే వీటన్నిటికీ ఖర్చుపెట్టాల్సిన ఖాతా ఒక్కటే. అది రూపాయల్లో కాదు, కిలోల్లో ఉంటుంది. హంగుల పట్టీ ఒకటి, సామాను పట్టీ ఒకటి విడివిడిగా రాసుకుంటే ఆ ఖాతా ఎప్పుడు ఖాళీ అయిందో తెలియదు.

ఇప్పటి కంపెనీ పత్రాల ప్రకారం ఆయిలూ, 90 శాతం పెట్రోలూ కలిపి బండి బరువు 218 కిలోలు. బండి, మనుషులు, సామాను అన్నీ కలిపి మించకూడని బరువు ఎంతో ఓనర్స్ మాన్యువల్లో ఉంటుంది. తయారైన ఏడాదిని బట్టి మారొచ్చు కాబట్టి మీ పుస్తకంలో ఉన్నదే తీసుకోండి. ఇక్కడ లెక్క కోసం 400 అనుకుందాం. 218 పోతే మిగిలేది 182.

నడిపే మనిషి 75 కిలోలు. హెల్మెట్, జాకెట్, బూట్లు 6. వెనక కూర్చునే మనిషి 58. హెల్మెట్, జాకెట్ 4. మొత్తం 143. అంటే ఇద్దరూ ఎక్కి కూర్చోగానే 39 కిలోలే మిగిలాయి. ఇప్పుడు క్రాష్ గార్డు 5, ఇంజిన్ కింద రేకు 2, వెనక ర్యాకు 3, పక్క బ్యాగులు చక్రానికీ సైలెన్సర్‌కీ తగలకుండా ఆపే రెండు స్టేలు 3 అనుకోండి. బ్రాండును బట్టి అర కిలో అటూ ఇటూ అవుతుంది. ఇంకా ఒక్క బట్ట కూడా సర్దలేదు, అప్పుడే 13 కిలోలు పోయాయి. మిగిలింది 26.

అసలు నిర్ణయం ఇక్కడే. 45 లీటర్ల టాప్ బాక్స్ ఖాళీగానే, బిగించే ప్లేటుతో కలిపి, దాదాపు 5 కిలోలు. పక్కలకి రెండు అల్యూమినియం పెట్టెలు పెడితే ఇంకో 10. ఆ పెట్టెలకే 15 పోతే లోపల పెట్టే సామానుకి 11 కిలోలు దక్కుతాయి. అదే గుడ్డ సంచులైతే పక్క బ్యాగుల జత 3, టెయిల్ బ్యాగు ఒకటిన్నర. సామానుకి 21 కిలోల పైన మిగులుతుంది. ఇంటర్‌సెప్టర్‌లాంటి బండి మీద ఇద్దరు వెళ్లేటప్పుడు గుడ్డ సంచులే సరైనవని నేను గట్టిగా అనేది ఈ పది కిలోల తేడా చూసే. ఒక్కరే వెళ్లేవాళ్లకు ఈ ఇరుకు లేదు. వాళ్లు తాళం వేసుకునే పెట్టె హాయిగా పెట్టుకోవచ్చు.

మూడు రోజుల ప్రయాణానికి ఇద్దరికీ ఆ 21 కిలోలు చాలవా? చాలతాయి. బట్టలు మనిషికి రెండున్నర కిలోల చొప్పున 5, రెయిన్‌కోట్లు 3, పనిముట్లూ పంక్చర్ సామానూ 3, నీళ్లు 2, ఛార్జర్లు, మందులు, చిల్లర వస్తువులు 2. అంతా కలిపి 15. బట్టలు, సంచులు సర్దినప్పుడు లీటరు చోటుకి ఇంచుమించు 300 గ్రాములు పడతాయి కాబట్టి 50 లీటర్లు కావాలి. పక్కలకి పదహారేసి లీటర్లవి రెండు, వెనక 20 లీటర్లది ఒకటి ఉంటే సరిపోయింది. 90 లీటర్ల సంచులు కొంటే ఖాళీ చోటు చూసి మనసు ఊరుకోదు, ఏదో ఒకటి కుక్కుతాం.

పంక్చర్ సామాను సంగతి బండి రకాన్ని బట్టి ఉంటుంది. 2023లో అలాయ్ చక్రాలవి వచ్చేదాకా ఈ బండికి స్పోకుల చక్రాలు, ట్యూబు టైర్లే. ట్యూబ్‌లెస్ అయితే పిన్ను, జిగురు పట్టీలు, చిన్న పంపు చాలు. ట్యూబు రకానికి టైరు లీవర్లు, అదనపు ట్యూబు, చక్రం విప్పే స్పానర్లు అన్నీ మోయాలి. పైన 3 కిలోలు రాసింది దానికే.

ఎంత బరువన్నది సగం లెక్క. ఆ బరువు ఎక్కడ కూర్చుందన్నది మిగతా సగం. ముందు చక్రం ఇరుసు నుంచి వెనక ఇరుసుకి దూరం సుమారు 1,400 మి.మీ. టాప్ బాక్స్, అందులోని సామాను కలిపి 15 కిలోలు, దాని నడిమి భాగం వెనక ఇరుసుకి 35 సెం.మీ. వెనకగా ఉందనుకోండి. 15ని 35తో గుణించి 140తో భాగిస్తే 3.75. అంటే ముందు చక్రం మీద నుంచి దాదాపు 4 కిలోలు లేచిపోయి, వెనక చక్రం మీద 15 బదులు 19 కిలోలు పడతాయి. అదే 15 కిలోలు పక్క బ్యాగుల్లో, ఇరుసుకి 15 సెం.మీ. ముందుగా ఉంటే ముందు చక్రానికి ఒకటిన్నర కిలో చేరుతుంది. పనిముట్లలాంటి బరువైనవి ట్యాంక్ బ్యాగులో పెడితే రెండు చక్రాలూ సగం సగం పంచుకుంటాయి.

ఎత్తు కూడా చూడాలి. టాప్ బాక్స్ నడుమ నేల నుంచి 110 సెం.మీ., పక్క బ్యాగుది 70 అనుకుంటే, బండి కాస్త ఒరిగినప్పుడు అదే బరువు పెట్టెలో ఉంటే ఒకటిన్నర రెట్లకు పైగా బలంతో పక్కకు లాగుతుంది. హైవే మీద ఇది తెలియదు. ఘాట్ రోడ్డు మలుపులో లారీకి దారిచ్చి, వాలులో ఒంటికాలి మీద ఆగినప్పుడు తెలుస్తుంది.

కట్టే చోటు గురించి ఒక్క మాట. ఇంటర్‌సెప్టర్‌కి సైలెన్సర్లు రెండు పక్కలా ఉన్నాయి కాబట్టి వేడి తగలని పక్కంటూ లేదు. స్టే లేకుండా వేలాడే సంచి గుంతలో ఊగి సైలెన్సర్‌ను ముట్టుకుంటుంది, లేదా చక్రంలోకి వెళ్తుంది. సంచి కట్టాక బండి వెనక పది అడుగుల దూరం నడిచి, ఇండికేటర్లు, బ్రేకు లైటు, నంబరు ప్లేటు కనబడుతున్నాయో లేదో చూడాలి.

షాకులు, టైర్లు, బ్రేకులు

వెనక షాక్ అబ్జార్బర్ల వల్ల చక్రం కదిలేది 88 మి.మీ. మాత్రమే. మనిషీ సామానూ ఎక్కాక అందులో మూడో వంతు, అంటే 29 మి.మీ. దాకా కుంగితే మంచిది. మిగతా రెండు వంతులు గుంతల కోసం. బరువెక్కించాక 45 మి.మీ. కుంగిందంటే, గుంతలకు మిగిలింది 43 మి.మీ.నే, స్పీడ్ బ్రేకర్ల దగ్గర అడుగు తగులుతుంది. అందుకే స్ప్రింగు బిగువు పెంచే మెట్లు షాకుల కింద ఉన్నాయి. సామాను కట్టిన రోజు వాటిని తిప్పి, దించిన రోజు వెనక్కి తిప్పాలి. ఖర్చులేని పని ఇది, అయినా చాలామంది ముట్టుకోరు.

చాలక షాకులే మార్చాలనుకుంటే పొడవు చూడండి. వెనక భాగం 14 మి.మీ. పైకి లేచిందంటే 1,400 మి.మీ. బండి సుమారు 0.57 డిగ్రీలు ముందుకు వంగుతుంది. 24 డిగ్రీలున్న ముందు ఫోర్కు వాలు ఆ మేరకు తగ్గి, హ్యాండిల్ చురుగ్గా తిరుగుతుంది. ఒక్కరే సరదాగా తిరిగితే అది నచ్చొచ్చు. వెనక బరువు కట్టుకున్నవాడికి నచ్చదు.

టైరు మీద 130/70-18 తర్వాత ఉండే అంకె మోయగల బరువు. 63 అంటే 272 కిలోలు, 58 అంటే 236. మొత్తం 400లో 60 శాతం వెనక పడితే 240. అంటే 63 ఉన్న టైరు తీసి, గాట్లు లోతుగా, చూడ్డానికి మొరటుగా ఉన్నాయని 58 ఉన్నది వేస్తే, ఆ ప్రయాణం మొత్తం టైరు హద్దు దాటి నడుస్తుంది. గాలి ఎంత ఉండాలో ఒంటరికి వేరు, జంటకు వేరుగా మాన్యువల్లో ఉంది.

ముందు 320, వెనక 240 మి.మీ. డిస్కులు బలమైనవే. అయినా 300 కిలోల బండి గంటకు 80 కి.మీ. వేగంలో ఉన్నప్పుడు బ్రేకులు మింగాల్సిన శక్తీ, 400 కిలోల బండి 69 కి.మీ.లో ఉన్నప్పుడు మింగాల్సిన శక్తీ సమానం. నిండు బరువుతో వెళ్లే రోజున అలవాటైన వేగం నుంచి 10 కి.మీ. తగ్గించుకోమని అనేది ఊరికే జాగ్రత్త కోసం కాదు, లెక్కే అలా ఉంది.

కోయించే ముందు

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలకూ తయారీదారు ఇచ్చిన నమూనాకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో 182ఏ సెక్షన్ చేరింది: అలాంటి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. బోల్టులతో బిగించి, విప్పేస్తే బండి మళ్లీ మొదటిలా ఉండే ర్యాకులు, సంచులు వేరు. ఫ్రేము కోసి వెల్డింగ్ చేసినవి వేరు. ఫ్రేము వెనక కొస కోయిస్తే ర్యాకు బిగించే చోటే పోతుంది. సన్నటి తోక కావాలా, సామాను కావాలా అని ముందే తేల్చుకోవాలి.

సైలెన్సర్ మార్చాలన్న ఆశ ఈ బండి దగ్గర ఎక్కువ. 270 డిగ్రీల క్రాంకు ఉన్న 648 సీసీ జంట సిలిండర్ల ఇంజిన్, గొంతు బాగుంటుంది. 175 సీసీ దాటిన మోటార్‌సైకిళ్లకు తయారీ దశలో శబ్ద పరిమితి 80 డెసిబెల్స్. శబ్ద నిబంధన మీరితే 190వ సెక్షన్ కింద జరిమానా 10,000 దాకా ఉండొచ్చు. విశాఖలోనూ హైదరాబాద్‌లోనూ పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లను రోడ్డు రోలర్‌తో తొక్కించారు కూడా. నా మటుకు ఇది అన్నిటికన్నా ఆఖరున ఉండాల్సిన కోరిక.

చీర గార్డు పీకేయడం ఇంకా తప్పు. వెనక మనిషికి పట్టుకునే పిడి, కాళ్లు పెట్టుకునే ఫుట్‌రెస్టు, బట్టలు చిక్కుకోకుండా వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే రక్షణ ఉండి తీరాలని కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వది చెబుతోంది. చున్నీలూ చీరలూ కట్టుకున్న మనుషులు కూర్చునే సీటది. 2020లో అదే నియమానికి పెట్టె కొలతలు చేర్చారు: పొడవు 550, వెడల్పు 510, ఎత్తు 500 మి.మీ. మించకూడదు. గుణిస్తే 140 లీటర్లు, 45 లీటర్ల టాప్ బాక్స్‌కి మూడింతలు. పెట్టె వెనక మనిషి కూర్చునే చోటులోనే ఉంటే మాత్రం నడిపేవారొక్కరే వెళ్లాలి.

దీపాల్లో ఎక్కువగా జరిగే పొరపాటు, 60/55 వాట్ల హెచ్4 బల్బు ఉన్న బళ్లలో దాన్ని తీసి 100/90 వేయడం. 12 వోల్టుల మీద 60 వాట్లంటే 5 ఆంపియర్లు, 100 అంటే 8.3. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి అదే వైరు, అదే స్విచ్చు 2.8 రెట్లు వేడెక్కుతాయి. హోల్డరు కరిగేది అందుకే. రిలే వేసి, సరైన ఫ్యూజుతో విడి వైరింగ్ చేయించినా 100 వాట్ల బల్బు ఎదుటివాళ్ల కళ్లలోకే కొడుతుంది.

బరువు పెంచితే మైలేజీ కూడా కొంత తగ్గుతుంది. లీటరుకి 25 ఇచ్చే బండి 22కి పడితే, 13.7 లీటర్ల ట్యాంకులో 2 లీటర్లు అట్టిపెట్టుకుని 257 కి.మీ. వెళ్లొచ్చు. హైదరాబాద్ నుంచి శ్రీశైలం దాదాపు 215. అయితే మన్ననూరు దాటాక అమ్రాబాద్ అడవి దారి రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసి ఉంటుంది కాబట్టి, పెట్రోలుతో పాటు గడియారం కూడా చూసుకోవాలి.

ఇవన్నీ కాగితం మీద వేసిన బరువులు. బయల్దేరే వారం ముందే సామానంతా కట్టి, ఇద్దరూ ఎక్కి ఒక పెద్ద కాటా మీదికి వెళ్లండి. మొదట రెండు చక్రాలూ ఎక్కించి మొత్తం చూడండి, తర్వాత వెనక చక్రం ఒక్కటే కాటా మీద ఉంచి ఇంకోసారి చూడండి. ఒక చీటీ మాన్యువల్లోని పరిమితితో, రెండోది టైరు మీది అంకెతో సరిపోల్చాలి. మించితే ముందు దించాల్సింది టాప్ బాక్స్‌నే. అటు నుంచి ఓ యాభై కిలోమీటర్లు గతుకుల రోడ్డు మీద తిప్పుకుని వచ్చి, ర్యాకు, స్టేల బోల్టులు మళ్లీ ఒకసారి బిగించండి. కొత్తగా వేసినవి మొదటి కుదుపులకే కొద్దిగా వదులవుతాయి.