పదకొండున్నర దగ్గర మొరాయించే పెడల్

తణుకు నుంచి ఒక మాస్టారు ఉత్తరం రాశారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ సైకిల్ మీదే బడికి వెళ్ళొచ్చిన మనిషి. కుడి మోకాలు మార్పించుకుని ఇప్పుడు ఆరో వారం నడుస్తోందట. ఫిజియోథెరపిస్టు చెబితే ఇంట్లోకి ఎక్సర్‌సైజ్ సైకిల్ కొన్నారు. కుడి పెడల్ అడుగు నుంచి వెనక్కి, వెనక నుంచి పైకి బాగానే వస్తుంది గానీ, గడియారంలో పదకొండు అంకె దాటగానే మొరాయిస్తుంది. ఎంత బలం పెట్టినా అక్కణ్ణుంచి కదలదు. "ఇది సైకిల్ లోపమా, లోపల పెట్టిన మోకాలి లోపమా? మళ్ళీ రోడ్డు మీద తొక్కే యోగం ఉందా నాకు?" అని అడిగారు.

యోగం సంగతి ఆయన సర్జన్ చెప్పాలి. మొదటి ప్రశ్నను మాత్రం నేను వదలను. ఆ పదకొండుకీ పన్నెండుకీ మధ్య ఉన్న కాస్త వంపు కోసం కృత్రిమ మోకీళ్ళు తయారుచేసేవాళ్ళు దాదాపు తొంభై ఏళ్ళు తంటాలు పడ్డారు మరి.

ముందుగా మామూలు విషయాలు గబగబా చెప్పేస్తాను. ఈ ఆపరేషన్‌లో మోకాలంతా తీసేయరు. తొడ ఎముక కింది కొసనూ, కాలి ఎముక పై కొసనూ అరిగిన మృదులాస్థితో సహా కొన్ని మిల్లీమీటర్ల మందాన చెక్కేస్తారు. పైదానికి కోబాల్ట్-క్రోమియం తొడుగు, కిందిదానికి లోహపు పళ్ళెం, రెండిటి మధ్య పాలిథిలీన్ దిమ్మ పెడతారు. కండరాలు, పక్క లిగమెంట్లు మనవి మనకే ఉంటాయి.

కొత్త మోకాలి మీద సైకిల్ ఎంత బరువు మోపుతుందని భయపడేవాళ్ళకు బెర్లిన్‌లో జవాబు దొరికింది. అక్కడి షారిటే ఆసుపత్రిలో బెర్గ్‌మన్ బృందం కృత్రిమ మోకీలు లోపలే బలాన్ని కొలిచే పరికరం అమర్చి, కొలతలు రేడియో ద్వారా బయటికి వచ్చేలా చేసింది. 2010లో ఇనెస్ కుట్స్‌నర్, సహచరులు ప్రకటించిన సగటుల ప్రకారం నేల మీద నడిస్తే మోకీలు మీద పడేది శరీరం బరువుకు 2.6 రెట్లు. మెట్లు దిగితే దాదాపు మూడున్నర రెట్లు. రెండు కాళ్ళ మీద ఊరికే నిలబడినా 1.07 రెట్లు, ఎందుకంటే మనల్ని పడిపోకుండా పట్టుకునే కండరాలు కూడా కీలును నొక్కుతూనే ఉంటాయి. 2012లో ఇదే బృందం సైకిల్ కొలతలు ప్రకటించింది. 60 వాట్ల శక్తితో, నిమిషానికి 40 చుట్లు తొక్కితే అత్యధికంగా పడింది 1.19 రెట్లు. అంటే కూరగాయల బండి దగ్గర నిలబడి బేరమాడినదానికంటే కాస్త ఎక్కువ, అంతే.

బరువు సమస్య కాదని తేలిపోయింది కాబట్టి మిగిలింది కోణం. టేపు తీసుకోండి. తుంటి కీలు నుంచి మోకాలికి 42 సెంటీమీటర్లు, మోకాలి నుంచి పెడల్ మీద ఆనే పాదానికి 48 అనుకుందాం. ఇవి త్రిభుజంలో రెండు భుజాలు. వీటి పొడవు మారదు. తుంటి నుంచి పెడల్‌కు ఉన్న దూరం మూడో భుజం, పెడల్ తిరిగేకొద్దీ మారేది అదొక్కటే. పెడల్ అడుగున ఉన్నప్పుడు మోకాలు 30 డిగ్రీలు వంగి ఉండేలా సీటు పెడితే ఈ మూడో భుజం 87 సెంటీమీటర్లు వస్తుంది. పెడల్‌ను ఇరుసుకు కలిపే క్రాంక్ పొడవు పెద్దవాళ్ళ సైకిళ్ళకు సాధారణంగా 170 మిల్లీమీటర్లు. పెడల్ పైకొచ్చేసరికి రెండు క్రాంకుల పొడవు, అంటే 34 సెంటీమీటర్లు, తగ్గిపోయి 53 మిగులుతుంది. ఇంటర్‌లో చదివి మరిచిపోయిన కొసైన్ సూత్రంలో ఈ అంకెలు వేస్తే మోకాలు వంగాల్సింది 108 డిగ్రీలని తేలుతుంది.

మాస్టారు ఉత్తరంతో పాటు ఫిజియో కాగితం కూడా పంపారు. దాని మీద ఆయన మోకాలి వంపు 98 అని ఉంది. పది డిగ్రీల బాకీ.

అది పదకొండు దాటాకే ఎందుకు బయటపడుతుందో కూడా చెప్పొచ్చు. సీటు పెడల్ ఇరుసుకు నిట్టనిలువుగా ఉండదు, కాస్త వెనక్కి ఉంటుంది. సీటు గొట్టం వాలు నేలకు సుమారు 73 డిగ్రీలు. కాబట్టి పెడల్ తుంటికి అతి దగ్గరగా వచ్చే చోటు పన్నెండు కాదు, ఇంచుమించు పదకొండున్నర. అక్కడ నెగ్గితే పన్నెండు దగ్గర దానంతటదే తిరుగుతుంది.

సీటు రెండు సెంటీమీటర్లు పెంచితే? పైన కావలసిన వంపు 108 నుంచి 105కు దిగుతుంది. అంతకన్నా పెంచితే అడుగున కాలు అందదు. మన ఊళ్ళలో చాలామంది చేసేది దీనికి తలకిందులు. రెండు పాదాలూ నేలకు ఆనాలని సీటు అయిదు సెంటీమీటర్లు దించుకుంటారు. అప్పుడు మోకాలు వంగాల్సింది 116! అసలు మార్చాల్సింది క్రాంక్. 170 బదులు 150 మిల్లీమీటర్ల క్రాంక్ వేసి, సీటును కూడా ఆ రెండు సెంటీమీటర్లు పెంచితే 102 చాలు. 120 వేస్తే 92తో పనైపోతుంది. క్రాంక్ నుంచి కోసిన ప్రతి సెంటీమీటరూ పైన రెండు సెంటీమీటర్లయి తిరిగొస్తుంది, పెడల్ తిరిగే వృత్తానికి క్రాంక్ వ్యాసార్ధం కాబట్టి. చీలమండ కదలికను పక్కన పెట్టి వేసిన లెక్క ఇది. నిజానికి కాలి వేళ్ళు కిందికి వంచితే కొన్ని డిగ్రీలు కలిసొస్తాయి. కొందరు తమకు తెలియకుండానే ఆ పక్క తుంటి ఎత్తేసి పెడల్ దాటిస్తారు. చుట్టు పూర్తయిందని సంతోషిస్తారు గానీ మోకాలు వంగి ఉండదు, నడుము వంకర పోయి ఉంటుంది.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటికి వస్తాను. లోహమూ ప్లాస్టిక్కూ కలిపి చేసిన కీలు 108 డిగ్రీలు అసలు ఎలా వంగుతుంది?

తలుపు బందులా వంగుతుందని మొదట అనుకున్నారు. 1890లో బెర్లిన్‌లో థెమిస్టోక్లెస్ గ్లుక్ అనే సర్జన్ క్షయ సోకిన మోకాలి చోట ఏనుగు దంతంతో చేసిన బందు కీలు అమర్చాడు. క్షయ సోకిన ఎముకలో పరాయి వస్తువు పెడితే ఏమవుతుందో అదే అయింది. 1951లో స్వీడన్‌లో వాల్డియస్ మళ్ళీ బందు కీలే చేశాడు, మొదట యాక్రిలిక్‌తో, తరవాత లోహంతో. ఒకే ఇరుసు మీద తిరిగే కీలు మోకాలి కదలికకు సరిపడదు. లోపల సరిపడని ప్రతి కదలికా ఎముకను లాగి లాగి కీలును వదులు చేస్తుంది.

విచిత్రం ఏమిటంటే, మోకాలు బందు కాదని 1836లోనే ఇద్దరు జర్మన్ అన్నదమ్ములు అచ్చువేసి చెప్పారు. ఎడువార్డ్ వేబర్, విల్‌హెల్మ్ వేబర్. అయస్కాంత అభివాహానికి వేబర్ అనే ప్రమాణం ఉంది చూశారూ, ఆ విల్‌హెల్మే. గాస్‌తో కలిసి టెలిగ్రాఫ్ తీగ లాగిన భౌతిక శాస్త్రవేత్తకు మోకాళ్ళతో పనేమిటంటే, మనిషి నడకను యంత్రాన్ని చదివినట్టు చదవాలన్నది ఆ అన్నదమ్ముల పట్టుదల. తొడ ఎముక కాలి ఎముక మీద దొర్లుతుంది, జారుతుంది, రెండూ చేస్తుంది అన్నారు వాళ్ళు.

రెండూ ఎందుకు చేయాలి? తొడ ఎముక గుండ్రటి కొస మీది నునుపు దారి, కింద కాలి ఎముక మీదున్న దారికి దాదాపు రెట్టింపు పొడవు. ఎముక కేవలం దొర్లితే, మోకాలు పూర్తిగా వంగకముందే వెనక అంచు మీంచి కింద పడిపోతుంది. బురదలో దిగబడ్డ బండి చక్రంలా కేవలం జారుతూ ఉన్నచోటే తిరిగితే ఇంకో చిక్కు. కాలి ఎముక వెనక అంచు వెళ్ళి తొడ ఎముక వెనక భాగానికి తగులుతుంది, వంపు అక్కడితో సరి. కాబట్టి మోకాలు జారుతూనే కాస్త కాస్త వెనక్కి దొర్లుతుంది. ఆ వెనకడుగు కొన్ని మిల్లీమీటర్లే. ఆ మిల్లీమీటర్లే అంచుకు దారి విడిచి మిగతా డిగ్రీలు ఇస్తాయి. పైగా ఆనే చోటు వెనక్కి జరిగినకొద్దీ తొడ కండరానికి పట్టు దూరం పెరిగి, అదే బలంతో ఎక్కువ పని జరుగుతుంది. పదకొండున్నర దాటి పెడల్‌ను కిందికి తొక్కాల్సిన చోట సరిగ్గా కావలసింది అదే.

1974లో న్యూయార్క్‌లోని హాస్పిటల్ ఫర్ స్పెషల్ సర్జరీలో ఇన్సాల్, రణావత్, వాకర్ కలిసి రూపొందించిన 'టోటల్ కాండిలార్' మోకీలు ఈనాటి మోకీళ్ళన్నిటికీ ముత్తాత. ఆ రణావత్ మనవాడే. 2000లో ముంబైలో ప్రధాని వాజ్‌పేయి మోకాలు మార్చింది ఆయనే. ఈ మోకీలు గట్టిది, నొప్పి పోగొట్టేది. అయితే కీలు లోపల ముందొకటీ వెనకొకటీ ఉండే రెండు క్రూషియేట్ లిగమెంట్లనూ కోసేసి, తొడ కొసను ఒక గుంటలో కూర్చోబెట్టారు. కదిలిపోకుండా ఉండాలని పెట్టిన గుంట వెనకడుగు కూడా వేయనివ్వలేదు. వంపు సగటున 90 దగ్గర ఆగిపోయింది. మన లెక్క ప్రకారం చూడండి, ఆ మోకాలితో మామూలు సైకిల్ ఒక్క చుట్టు కూడా తిరగదు.

1978లో ఇన్సాల్, ఇంజనీరు ఆల్బర్ట్ బర్‌స్టీన్ కలిసి దీనికి కనిపెట్టిన ఉపాయం చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. ప్లాస్టిక్ దిమ్మ మధ్యలో చిన్న మేకులాంటి దిమ్మె నిలబెట్టారు. పై తొడుగులో రెండు గుండ్ల మధ్య అడ్డంగా ఒక కడ్డీ పెట్టారు. మోకాలు 70 డిగ్రీల దాకా వంగేవరకూ ఒకదాని జోలికి ఒకటి పోదు. అక్కడ కడ్డీ దిమ్మెకు తగులుతుంది. ఇంకా వంచితే దిమ్మె కడ్డీని, కడ్డీతో పాటు తొడ ఎముకను, వెనక్కి నెడుతుంది. కోసేసిన వెనక లిగమెంట్ చేయాల్సిన పనిని ప్లాస్టిక్ ముక్క చేస్తోందన్నమాట! సగటు వంపు 115కు పెరిగింది. 90కీ 115కీ మధ్యలో మన 108 ఉంది. ఈ రకం మోకీలు ఉన్నవాళ్ళు సైకిల్ తొక్కితే ప్రతి చుట్టులో కడ్డీ ఒకసారి దిమ్మెను తాకి వస్తుంది. నిమిషానికి 60 చుట్ల లెక్కన గంటకు 3,600 సార్లు. కొందరికి లోపల టక్కుమని వినపడుతుంది కూడా.

లిగమెంట్‌ను కోయడమెందుకు, వెనకదాన్ని ఉంచేస్తే సహజంగానే వెనక్కి దొర్లదా అన్న వర్గం ఇంకొకటి. 1990లలో అమెరికాలో డెనిస్, కోమిస్టెక్ అలాంటి మోకీళ్ళు ఉన్నవాళ్ళను గొంతుక్కూర్చోబోయినట్టు మోకాళ్ళు వంచమని, కదిలే ఎక్స్‌రేలో చూశారు. చాలామందిలో తొడ ఎముక వెనక్కి పోవాల్సింది పోయి ముందుకు జారుతోంది! పుస్తకాల్లో గీసిన బొమ్మలూ పూర్తిగా నిజం కాదని 2000 ప్రాంతంలో ఎంఆర్ఐ తేల్చింది. తనే మోకీళ్ళు తయారుచేసిన ఇంగ్లండ్ సర్జన్ మైకేల్ ఫ్రీమన్, వేరా పిన్స్కెరోవాతో కలిసి చూస్తే, సహజమైన మోకాలిలో లోపలి వైపు గుండు దాదాపు ఉన్నచోటే ఉంటోంది, వెనక్కి వెళ్ళేది బయటి వైపుది. అంటే మోకాలు వంగుతూ కాస్త మెలి తిరుగుతుంది. నేను కడ్డీ-దిమ్మె పక్షం. ఫలితాల పోలికల్లో రెండు రకాలూ ఇంచుమించు సమానమేనని లిగమెంట్‌ను ఉంచే పక్షం సర్జన్లు గుర్తుచేస్తారు, అదీ నిజమే.

కాబట్టి మాస్టారి పది డిగ్రీలను అడ్డుకుంటున్నది లోహం కాకపోవడానికే అవకాశం ఎక్కువ. ఆరో వారంలో వాపు ఉంటుంది, మానుతున్న కణజాలం బిగుసుకుని ఉంటుంది, తొడ కండరం సాగనంటుంది. అందుకే ఫిజియోలు మొదట చుట్టు జోలికి పోనివ్వరు. పెడల్‌ను పైకి వెళ్ళినంత వెనక నుంచి, వెళ్ళినంత ముందు నుంచి ఊయల ఊపినట్టు ఊపిస్తారు. కొసకు చేరాక కొన్ని క్షణాలు ఆపిస్తారు. చాలామందిలో తొలి పూర్తి చుట్టు వెనక్కి తొక్కినప్పుడు వస్తుంది, ముందుకు తిరగడం ఆ తరవాతే. అది ఎన్నో వారంలో వస్తుందన్నది మనిషిని బట్టి, ముఖ్యంగా ఆపరేషన్‌కు ముందు ఆ మోకాలు ఎంత వంగేదన్నదాన్ని బట్టి. ముందే బిగుసుకుపోయిన కాలును ఏళ్ళ తరబడి ఈడ్చి, ఆఖరున బల్ల ఎక్కేవాళ్ళకు ఈ సంగతి ఎవరూ గట్టిగా చెప్పరు.

మంచం మీద పడుకోబెట్టి గంటల తరబడి మోకాలిని వంచి చాపే మోటారు యంత్రాలు ఒకప్పుడు తెగ వాడారు. కోక్రేన్ సంస్థ 2014లో పరిశోధనలన్నీ కలిపి చూస్తే వాటివల్ల పెరిగిన వంపు సగటున రెండు డిగ్రీలు. 'హై ఫ్లెక్స్' మోకీళ్ళ కథా ఇంతే. నేల మీద కూర్చునే ఆసియావాళ్ళ కోసమే అన్నట్టు అమ్మారు. మామూలువాటితో పోల్చిన పరీక్షల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. 2017 ఆగస్టులో కేంద్రం ధరలకు కళ్ళెం వేసినప్పుడు మామూలు కోబాల్ట్-క్రోమియం మోకీలుకు రూ. 54,720, హై ఫ్లెక్స్‌కు రూ. 56,490 గరిష్ఠ ధర నిర్ణయించారు. అంతకుముందు హై ఫ్లెక్స్ సగటు ఎమ్మార్పీ లక్షా ఎనభై వేలు దాటి ఉండేది! ఎక్కువ వంగుతుందని అన్ని వేలు పోసి కొన్నవాళ్ళున్న దేశంలో, పొట్టి క్రాంక్ కావాలని సైకిల్ షాపులో అడిగితే పిల్లల సైకిలా అని ఎదురు ప్రశ్న వస్తుంది.

రోడ్డు మీదికి రావడం గురించి రెండు ముక్కలు. ఇంట్లో చుట్లు సునాయాసంగా తిరిగి, మత్తుగా ఉండే నొప్పి మాత్రలు మానేసి, సర్జన్ సరేనన్నాక మాట అది. తొక్కేటప్పుడు పెద్ద ప్రమాదం ఉండదు. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఉంటుంది. పాతకాలపు పెద్ద సైకిల్ అడ్డకమ్మీ మీంచి కాలు తిప్పబోయి తూలి పడితే కృత్రిమ కీలు పైన తొడ ఎముక విరగొచ్చు, దాన్ని అతికించడం మొదటి ఆపరేషన్ కన్నా కష్టం. అడ్డకమ్మీ లేని లేడీస్ సైకిల్ కొనుక్కుంటే ఈ గొడవే లేదు. ఆగాల్సి వచ్చినప్పుడు బాగున్న కాలు నేల మీద మోపాలి, మాస్టారి విషయంలో ఎడమది. లేడీస్ సైకిల్ అంటే మగవాళ్ళు మొహం ముడుచుకుంటారు గానీ, దానికి నా దగ్గర కొసైన్ సూత్రం లేదు.