విహారయాత్రల్లో చేతి జీపీఎస్ పరికరాలు: స్థాననిర్ణయ యథార్థత - ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

కొండలెక్కేవారు, అడవిదారుల్లో నడిచేవారు, పక్షులను పరిశీలించేవారు నేడు చేతిలో ఇమిడే జీపీఎస్ పరికరాన్ని వెంట తీసుకెళ్తున్నారు. దాని తెరపై అక్షాంశ రేఖాంశాలతోపాటు ‘3 మీటర్లు’ వంటి ఒక అంకె కూడా కనిపిస్తుంది. చాలామంది దాన్ని హామీగా భావిస్తారు. నిజానికి అది పరికరం తనకు తాను వేసుకున్న అంచనా. ఆ అంచనా ఎలా ఏర్పడుతుందో, ఎక్కడ తప్పుతుందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. స్థాననిర్ణయ విధానం

జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున పరిభ్రమిస్తుంటాయి. సంకేతం ఉపగ్రహం నుండి పరికరాన్ని చేరడానికి పట్టిన కాలాన్ని కాంతివేగంతో గుణిస్తే ఆ రెండింటి మధ్య దూరం తెలుస్తుంది. కాలాన్ని కొలవడంలో సెకనులో వందకోట్లవ వంతు తేడా వచ్చినా దూరంలో సుమారు 30 సెంటీమీటర్ల తేడా వస్తుంది. ఉపగ్రహంలో పరమాణు గడియారం ఉంటుంది. చేతి పరికరంలో ఉండేది సాధారణమైన క్వార్ట్జ్ గడియారం. అందువల్ల అక్షాంశం, రేఖాంశం, ఎత్తు అనే మూడింటితోపాటు ఈ గడియారపు తేడా కూడా కనుక్కోవలసిన నాలుగో రాశి అవుతుంది. కనీసం నాలుగు ఉపగ్రహాలు కావాలనడానికి కారణం ఇదే.

3. 2000 సంవత్సరపు మార్పు

తొలినాళ్లలో అమెరికా ప్రభుత్వం పౌరులకందే సంకేతాల్లో ఉద్దేశపూర్వకంగా దోషాన్ని కలిపేది. దానివల్ల స్థానం వంద మీటర్ల వరకు తప్పేది. 2000 మే నెల ఆరంభంలో అధ్యక్షుడు క్లింటన్ ఆదేశంతో ఆ విధానం ఆగిపోయింది. మే 3న ఆరెగన్ రాష్ట్రంలో ఒక ఔత్సాహికుడు అడవిలో ఒక బకెట్టును దాచి, దాని అక్షాంశ రేఖాంశాలను ప్రకటించాడు. జియోకాచింగ్ అనే వినోదక్రీడకు అదే నాంది. వంద మీటర్ల దోషంతో సాధ్యపడని ఆట పది మీటర్ల దోషంతో సాధ్యపడింది.

4. దోషాలకు కారణాలు

4.1. అయనావరణం: వాతావరణపు పైపొరల్లోని విద్యుదావేశ కణాలు సంకేతాన్ని ఆలస్యం చేస్తాయి. ఉపగ్రహాలు ప్రసారం చేసే సవరణ నమూనా ఈ దోషంలో సుమారు సగాన్నే తొలగించగలదు. భూమధ్యరేఖకు చేరువగా ఉన్న భారతదేశంపై ఈ ప్రభావం ఎక్కువ. మధ్యాహ్నవేళల్లో మరింత ఎక్కువ. ఇస్రో, భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి నెలకొల్పిన గగన్ వ్యవస్థ సవరణలను ప్రసారం చేస్తుంది. రెండు పౌనఃపున్యాలను స్వీకరించే పరికరాలు ఈ ఆలస్యాన్ని స్వయంగా లెక్కించుకోగలవు.

4.2. పరావర్తనం: రాతిగోడలను, భవనాలను తాకి వచ్చే సంకేతం చుట్టుదారిన రావడంతో దూరం ఎక్కువగా కనిపిస్తుంది. తడిసిన ఆకుల దట్టమైన గుబురు సంకేతాన్ని బలహీనపరుస్తుంది.

4.3. ఉపగ్రహాల అమరిక: ఉపగ్రహాలు ఆకాశమంతా పరచుకొని ఉంటే ఫలితం మెరుగ్గా ఉంటుంది. పాపికొండల వంటి లోయలో ఇరువైపులా కొండలు అడ్డుపడగా, నది సాగే దిశలోని ఆకాశమే తెరచి ఉంటుంది. అప్పుడు నది పొడవునా వచ్చే దోషం కంటే అడ్డంగా వచ్చే దోషం పెరుగుతుంది. దారి వెతికేవారికి ఏ గట్టున ఉన్నామన్నదే ముఖ్యం. పరికరం తడబడేదీ అక్కడే.

5. తెరపై అంకె

యథార్థత అంటే చూపిన స్థానం అసలు స్థానానికి ఎంత దగ్గరగా ఉందన్నది. సూక్ష్మత అంటే ఎంత చిన్న తేడాను చూపగలదన్నది. నిమిషంలో వెయ్యోవంతు అక్షాంశం సుమారు 1.85 మీటర్లకు సమానం. తెర అంత చిన్న అంకెను చూపినంత మాత్రాన స్థానం అంత నిజమని అర్థం కాదు. దోషపు అంచనా కూడా సంభావ్యతపై ఆధారపడినదే. సగం సందర్భాలకు వర్తించే వ్యాసార్థం 5 మీటర్లయితే, దోషాలు అన్ని దిశల్లో సమానంగా ఉన్నప్పుడు, నూటికి 95 సందర్భాలకు వర్తించే వ్యాసార్థం 10 మీటర్లు దాటుతుంది. పైగా, పరావర్తన దోషాన్ని పరికరం చాలాసార్లు గుర్తించలేదు. అందువల్ల చిన్న అంకె చూపుతూనే దూరంగా తప్పవచ్చు.

6. ఎత్తు, పటం

ఉపగ్రహాలన్నీ పైనే ఉంటాయి, కింద ఒక్కటీ ఉండదు. కాబట్టి ఎత్తులో దోషం సాధారణంగా అడ్డదోషం కంటే ఎక్కువ. జీపీఎస్ మొదట లెక్కించేది గణితరూపమైన దీర్ఘగోళం నుండి ఎత్తును. దక్షిణ భారతంలో పలుచోట్ల సగటు సముద్రమట్టం ఆ తలానికి 70 మీటర్లకు పైగా దిగువన ఉంటుంది. ఈ సవరణ చేయని పరికరం తీరంలో నిలబడినవారికి ఎత్తును రుణసంఖ్యగా చూపవచ్చు.

పాత భారత సర్వే పటాలు ఎవరెస్ట్ దీర్ఘగోళం ఆధారంగా రూపొందాయి; జీపీఎస్ ఆధారం డబ్ల్యూజీఎస్-84. ఈ భేదాన్ని గమనించకుండా పరికరపు అంకెలను పాత పటంపై గుర్తిస్తే వంద మీటర్లకు పైబడిన తేడా రావచ్చు. ఇక్కడ పరికరం తప్పు లేదు, ఉపగ్రహం తప్పు లేదు. రెండు కొలమానాలను ఒకటిగా భావించడమే తప్పు.

7. వినియోగంలో పాటించవలసినవి

పరికరాన్ని ఆన్ చేసిన వెంటనే కనిపించే స్థానాన్ని నమోదు చేయక కొన్ని నిమిషాలు ఆగాలి. ఒకేచోట వరుసగా తీసుకున్న కొలతల్లో ఒకే దోషం కొనసాగుతుంది. ఉపగ్రహాల అమరిక మారేలా కొన్ని గంటల వ్యవధితో తీసుకున్న కొలతల సగటు మేలు. విశ్రాంతి సమయంలో దారి నమోదును ఆపాలి. లేకుంటే కూర్చున్నవారు కూడా నడిచినట్లు లెక్కపడి దూరం పెరుగుతుంది.

8. ముగింపు

మైదానంలో పది మీటర్ల తేడా నడకను కాస్త పొడిగిస్తుంది. కొండ అంచున, పొగమంచులో, అదే తేడా ప్రాణాంతకం కావచ్చు. కాబట్టి తెరపై చుక్కను ఒక బిందువుగా కాక, యాత్రికుడు ఎక్కడైనా ఉండదగిన ఒక వలయంగా చదవడం అవసరం. ఆ వలయంలో తానెక్కడున్నాడో తేల్చుకోవడానికి పటం, దిక్సూచి, కళ్లెదుట కనిపించే వాగూ గుట్టా నేటికీ అవసరమే.