ఇంటి పర్మిషన్, లోపల వ్యాపారం: పక్కింటివాళ్లు ఏం చేయొచ్చు?

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ అంటే బయటివాళ్లకు సినిమావాళ్ల బంగ్లాలు గుర్తొస్తాయి. రెవెన్యూ కాగితాల్లో మాత్రం ఈ రెండూ షేక్‌పేట మండలం కిందే వస్తాయి. పైన గుట్ట మీద విల్లా కాస్తా పబ్బుగానో, షూటింగ్ హౌస్‌గానో మారుతుంది. కింద షేక్‌పేట గల్లీల్లో చిన్న ఇంటి గ్రౌండ్ ఫ్లోర్‌లో వెల్డింగ్ షాపు పెడతారు, లేదంటే ఆన్‌లైన్ ఆర్డర్ల కోసం వంటశాల నడుపుతారు. డబ్బులో తేడా ఉండొచ్చు గానీ పక్కింటివాళ్ల బాధ ఒకటే. రాత్రి నిద్ర ఉండదు, గేటు ముందు బండ్లు ఆగుతాయి, పొగ ఇంట్లోకి వస్తుంది. అడిగితే "మాకు లైసెన్స్ ఉంది, ట్యాక్స్ కడుతున్నాం" అనే జవాబు వస్తుంది.

ఆ జవాబుతో చాలామంది వెనక్కి తగ్గుతారు. తగ్గాల్సిన పని లేదు. ట్యాక్స్ కట్టడం వేరు, ఆ చోట ఆ వ్యాపారం చేసే హక్కు వేరు.

మొదట మాస్టర్ ప్లాన్ సంగతి. నగరంలో ప్రతి స్థలానికి అందులో ఒక వాడకం రాసి ఉంటుంది. రెసిడెన్షియల్, కమర్షియల్, ఇండస్ట్రియల్ అని. రెసిడెన్షియల్ జోన్‌లో ఏ వ్యాపారమూ ఉండకూడదని కాదు. డాక్టర్ ఇంట్లో చిన్న క్లినిక్, వకీలు ఆఫీస్ గది లాంటివాటికి కొంత వెసులుబాటు ఉంది. ఇక కొన్ని రోడ్లను ప్రభుత్వమే కమర్షియల్ రోడ్లుగా ప్రకటించింది. 2007 నాటి జీవోతో ఆ రోడ్ల మీద ఇంపాక్ట్ ఫీజు కట్టించుకుని వాడకం మార్పుకు దారి ఇచ్చారు. అందుకే ఫిర్యాదుకు ముందే ఒక సంగతి తేల్చుకోవాలి: ఆ బిల్డింగ్ ముఖం కమర్షియల్ రోడ్డు మీద ఉందా, లేక లోపలి గల్లీలో ఉందా? మెయిన్ రోడ్డుకు ఇచ్చిన వెసులుబాటు దాని వెనక వీధికి దానంతట అదే రాదు. వివాదాల్లో చాలాభాగం మొదలయ్యేది ఈ వెనక వీధుల్లోనే. 2020 సెప్టెంబర్‌లో దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి తెరిచాక జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 45 మీద రాకపోకలు ఎంత పెరిగాయో అక్కడివాళ్లకు తెలుసు. రోడ్డుకు గిరాకీ వచ్చిందంటే దాని పక్క వీధికీ గిరాకీ వచ్చినట్టే.

జూబ్లీహిల్స్ పబ్బుల కేసు ఈ విషయంలో చాలా నేర్పుతుంది. ఇళ్ల మధ్య పబ్బుల గోల భరించలేక అక్కడి నివాసులు తెలంగాణ హైకోర్టుకు వెళ్లారు. 2022 సెప్టెంబర్‌లో సింగిల్ జడ్జి రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు పబ్బుల్లో మ్యూజిక్ వద్దని ఉత్తర్వు ఇచ్చారు. పబ్బులు అప్పీలుకు వెళ్లాయి. ఆ తర్వాత డివిజన్ బెంచ్ ఆ ఆంక్షను నగరమంతటికీ కాకుండా జూబ్లీహిల్స్‌లోని 10 పబ్బులకు పరిమితం చేసింది. నివాసులకు ఇది పెద్ద ఊరటే, కాదనలేం. కానీ ఒకటి గమనించాలి. ఈ ఉత్తర్వుతో ఆగింది సౌండ్. తలుపులు మూయాలని కాదు, బాక్సులు ఆపాలని చెప్పారు. పార్కింగ్ గొడవ, అర్ధరాత్రి రోడ్డు మీద అరుపులు వేరే సమస్యలు.

సౌండ్ మీద చట్టం గట్టిగానే ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. కమర్షియల్ ఏరియాలో ఆ పరిమితులు 65, 55. రాత్రి అంటే 10 నుంచి 6 దాకా. పోలీసులకు ఫోన్ చేస్తే వచ్చి ఆపిస్తారు. మళ్లీ శనివారం మొదలవుతుంది. ప్రతి శనివారం ఫోన్ చేయడం కంటే అసలు వేరు దగ్గరికి వెళ్లడం మేలు. ఆ బిల్డింగ్‌కు ఏ పర్మిషన్ ఉంది, లోపల ఏం నడుస్తోంది, ఈ రెండూ ఒకటేనా అన్నదే ఆ వేరు.

అది తేల్చే కాగితాలు మూడు. జీహెచ్ఎంసీ మంజూరు చేసిన ప్లాన్, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, ట్రేడ్ లైసెన్స్. ప్లాన్‌లో "రెసిడెన్షియల్" అని ఉండి లోపల రెస్టారెంట్ నడుస్తుంటే కేసు సగం తయారైనట్టే. ప్లాన్‌లో సెల్లార్ పార్కింగ్ అని ఉండి అక్కడ గోదాం ఉన్నా అంతే. 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ చట్టంతో 500 చదరపు మీటర్ల వరకు స్థలం, 10 మీటర్ల వరకు ఎత్తు ఉన్న ఇళ్లకు సెల్ఫ్ సర్టిఫికేషన్ మీదే పర్మిషన్ వస్తోంది. అంటే "నేను ఇల్లే కడుతున్నాను" అని యజమాని తానే రాసి ఇస్తాడు. తర్వాత షట్టర్లు పెడితే ఆ డిక్లరేషనే అతనికి అడ్డం తిరుగుతుంది.

ఈ కాగితాలు పక్కింటివాళ్లకు ఎవరిస్తారు? సమాచార హక్కు చట్టం ఉంది. 10 రూపాయల ఫీజుతో సర్కిల్ ఆఫీస్ టౌన్ ప్లానింగ్ విభాగానికి దరఖాస్తు పెట్టి, ఇంటి నంబర్ రాసి, మూడింటి నకళ్లు అడగాలి. 30 రోజుల్లో జవాబు రావాలి. "మూడో వ్యక్తి సమాచారం" అని తిప్పి పంపితే 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయాలి. దరఖాస్తులో "ఎందుకు చర్య తీసుకోలేదు" అని గొడవ పెట్టుకోవద్దు, కాగితం మాత్రమే అడగండి. కారణాలు అడిగితే తప్పించుకోవడం ఆఫీసుకు సులువు. ఫలానా ప్లాన్ నకలు అడిగితే అంత సులువు కాదు.

ఫిర్యాదు రాతపూర్వకంగా ఉండాలి. జీహెచ్ఎంసీ యాప్‌లో పెట్టినా, 040-21111111కు ఫోన్ చేసినా వచ్చే నంబర్ దాచుకోవాలి. సోమవారం ప్రజావాణిలో కాగితం ఇచ్చి రసీదు తీసుకుంటే ఇంకా మంచిది. తేదీ, టైమ్ కనిపించే ఫొటోలు, రెండు మూడు వారాల డైరీ జత చేయాలి. ఒక్కరే వెళ్లడం కంటే గల్లీలో నలుగురు సంతకం పెట్టడం నయం. పక్కింటాయనతో పోట్లాట పెట్టుకుంటే మాత్రం మీ మీదే కేసు పడొచ్చు.

అధికారులు కదిలితే నగరపాలక చట్టం సెక్షన్ 452 కింద నోటీసు వస్తుంది. తర్వాత కూల్చడం, సీల్ చేయడం దాకా అధికారం ఉంది. లైసెన్స్ లేని వ్యాపారానికి సెక్షన్ 521 వర్తిస్తుంది. నోటీసు అందగానే యజమాని సివిల్ కోర్టుకో హైకోర్టుకో వెళ్లి స్టే తెచ్చుకోవడం మామూలే. అక్కడే చాలా ఫైళ్లు నిద్రపోతాయి. ఫిర్యాదు చేసినవాళ్లు ముందే కేవియట్ వేసుకుంటే, వాళ్ల మాట వినకుండా స్టే ఇవ్వడం కష్టమవుతుంది. కేవియట్ 90 రోజులు పనిచేస్తుంది, తర్వాత మళ్లీ వేయాలి. స్టే అప్పటికే వచ్చేసి ఉంటే ఆ కేసులో తమనూ పార్టీగా చేర్చమని అడగొచ్చు.

"నీకేం సంబంధం" అని కోర్టులో అడుగుతారేమో అనే భయం చాలామందికి ఉంటుంది. దానికి సుప్రీంకోర్టు 1974లోనే జవాబు చెప్పింది. సినిమావాళ్ల పేటకు సరిపోయే కేసే అది. కర్ణాటకలోని ఉడుపిలో ఒకాయన కళ్యాణ మండపం, లెక్చర్ హాల్ అని పర్మిషన్ తీసుకుని దాన్ని సినిమా హాలుగా మార్చబోయాడు. అక్కడి ప్లానింగ్ స్కీమ్‌లో ఆ ఏరియా నివాసాలది. పక్క నివాసి కోర్టుకు వెళ్లాడు. యజమాని చాలా డబ్బు ఖర్చు పెట్టేశాడు కదా అని హైకోర్టు వదిలేసింది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. స్కీమ్‌ను అమలు చేయించుకునే హక్కు అక్కడ ఉండేవాళ్లకు ఉందని, ఖర్చు పెట్టినంత మాత్రాన చెల్లని పర్మిషన్ చెల్లదని తేల్చింది. రామదాస్ షెణై కేసు అంటే వకీళ్లందరికీ తెలుస్తుంది.

2024 డిసెంబర్ 17న మరో తీర్పు వచ్చింది. మీరట్ శాస్త్రీనగర్‌లో ఇంటికని కేటాయించిన ప్లాట్‌లో దుకాణాలు కట్టారు. ఏళ్ల తరబడి నడిచాయి. కూల్చివేతను సుప్రీంకోర్టు ఖాయం చేసింది, ఖాళీ చేయడానికి దుకాణదారులకు 3 నెలలు ఇచ్చింది. దాంతోపాటు దేశమంతటికీ వర్తించేలా ఆదేశాలు ఇచ్చింది. అనధికార కట్టడంలో వ్యాపారానికి ఏ శాఖా లైసెన్స్ ఇవ్వకూడదు. కంప్లీషన్ లేదా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూశాకే కరెంటు, నీళ్ల కనెక్షన్లు ఇవ్వాలి. బ్యాంకులు కూడా ఆ సర్టిఫికెట్ చూశాకే లోన్ ఇవ్వాలి. ఇప్పుడు ఫిర్యాదు రాసేవాళ్లు ఈ తీర్పును ఉదహరించి, ట్రేడ్ లైసెన్స్ విభాగానికీ కరెంటు ఆఫీసుకూ ఒక్కో కాపీ పంపడం తెలివైన పని. టౌన్ ప్లానింగ్ ఒక్కదాన్నే నమ్ముకుంటే ఏడాది గడుస్తుంది.

ఇక చేదుగా ఉన్నా చెప్పుకోవాల్సిన మాట. ఇదే నియమం మన గల్లీలకూ వర్తిస్తుంది. కిరాయి వస్తుందని కింద ఫ్లోర్‌కు షట్టర్ పెట్టిన కుటుంబాలు షేక్‌పేటలో తక్కువేం కాదు. జూబ్లీహిల్స్ పబ్బుకు మంచి వకీలు దొరుకుతాడు. గల్లీలో టైలర్‌కు దొరకడు. పాత కక్షలకూ, దుకాణం పోటీకీ కూడా కొందరు ఈ ఫిర్యాదులు వాడుకుంటారు. నోటీసు వచ్చినవాళ్లకూ హక్కులున్నాయి. 2024 నవంబర్ 13 నాటి బుల్డోజర్ తీర్పు ప్రకారం కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, వాళ్ల మాట వినాలి, కారణాలు రాసి ఉత్తర్వు ఇవ్వాలి. రోడ్డు, ఫుట్‌పాత్, చెరువు లాంటి ప్రభుత్వ స్థలాల ఆక్రమణలకు ఈ రక్షణ లేదు. నోటీసు అందినవాళ్లు దాన్ని బీరువాలో పెట్టేసి కూర్చోకుండా, గడువులోపు రాతపూర్వకంగా జవాబు ఇచ్చి రసీదు తీసుకోవాలి.

అందరికంటే ఎక్కువ నష్టపోయేది తరచూ కిరాయిదారే. తప్పు యజమానిది, సీల్ పడేది ఇతని సామాన్లకు. దుకాణానికి అడ్వాన్సు, పగ్డీ ఇచ్చే ముందు ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూపించమని అడగాలి. అందులో ఆ ఫ్లోర్ వాడకం ఏమని రాసి ఉందో చదవాలి. "తర్వాత చూసుకుందాం, అందరూ ఇలాగే నడుపుతున్నారు" అని యజమాని అంటే, సీల్ పడితే అడ్వాన్సు మొత్తం వాపసు ఇస్తానని కిరాయి అగ్రిమెంటులో రాయించుకోవాలి. అది రాయడానికి అతను వెనకాడితే వేరే షట్టర్ వెతుక్కోవడమే మంచిది.