మీకు తెలుసా? రాడార్‌కు సముద్రం కాస్త కిందికి కనిపిస్తుంది!

2013 ఫిబ్రవరి 25న శ్రీహరికోట నుంచి ఎగిరిన భారత్-ఫ్రాన్స్ ఉపగ్రహం ‘సరళ్’, దాదాపు 800 కిలోమీటర్ల ఎత్తు నుంచి రాడార్ తరంగాలు పంపి, అవి తిరిగొచ్చే సమయాన్ని బట్టి సముద్రమట్టం కొలిచేది. చిక్కల్లా అలలతోనే. అల పల్లం వెడల్పుగా, పుటాకార అద్దంలా ఉండి తరంగాలను బాగా వెనక్కి పంపుతుంది. శిఖరం సన్నగా, గరుకుగా ఉండి వాటిని చెదరగొడుతుంది. దాంతో మట్టం ఉన్నదానికన్నా తక్కువగా నమోదవుతుంది. తేడా అల ఎత్తులో కొద్ది శాతమే. కానీ 3 మీటర్ల అలలున్నచోట అదే 10 సెంటీమీటర్ల దాకా రావచ్చు! ప్రపంచ సముద్రమట్టం ఏటా పెరిగేది 3, 4 మిల్లీమీటర్లే మరి. అందుకే ఈ తేడాను సరిదిద్దడం తప్పనిసరి. దానికి కావలసిన అల ఎత్తునూ తిరిగొచ్చిన ఆ తరంగమే చెబుతుంది: అలలు పెద్దవైతే దాని బలం నెమ్మదిగా పుంజుకుంటుంది.