నంబరు లేని పాత ట్రక్కు కొంటున్నారా? ముందు సి-బుక్కు సంగతి చూడండి

ఈసారి వీడియోలో జీవామృతం లేదు, కషాయం లేదు. ఒక తుప్పు పట్టిన ట్రాక్టర్ ట్రక్కు ఉంది. దాన్ని నా పేరు మీదకి తెచ్చుకోవడానికి రెండున్నర నెలలు తిరిగాను. ఆ తిరుగుడు మీకు తప్పాలనే ఇది రాస్తున్నాను.

మన పద్ధతిలో మోత ఎక్కువ. నాకున్నది 5 ఎకరాలు. ఎకరానికి 400 కిలోల ఘనజీవామృతం అంటేనే 2 టన్నులు. పైన 200 లీటర్ల డ్రమ్ములు, ఆకులు, మల్చింగుకి గడ్డి. ప్రతిసారీ అద్దె ట్రక్కు కోసం ఎదురుచూస్తే అదును దాటిపోతోంది. అందుకే సెకండ్ హ్యాండ్ ట్రక్కు చూద్దామనుకున్నా. మా కృష్ణా జిల్లాలోనే ఒక వెల్డింగ్ షెడ్డులో దొరికింది. చెప్పిన ధర 60 వేలు. టైర్లు బాగున్నాయి, ఇరుసు బాగుంది. నేను 5 వేలు అడ్వాన్సు ఇచ్చేశాను. నంబరు ప్లేటు లేదు, కంపెనీ రేకు ఊడిపోయింది, సి-బుక్కు లేదు అన్న సంగతి ఆ తర్వాత గమనించాను. తప్పు నాదే.

షెడ్డాయన తేలిగ్గా ఒక మాట అన్నాడు: "దానికేముంది బాబాయ్, తుక్కుకి పోయిన ట్రక్కు కాగితాలు నా దగ్గరున్నాయి. ఆ నంబరు దీని మీద కొట్టేద్దాం." నిజం చెప్పాలంటే ఒక రోజంతా ఆలోచించాను. ఊళ్ళో అలాంటి బళ్ళు తిరుగుతూనే ఉన్నాయి కదా అనిపించింది.

ఎందుకు వద్దనుకున్నానో చెప్తా. ఇంజను లేదు కదా, బండి కాదు కదా అనుకుంటాం. కానీ 1988 మోటారు వాహనాల చట్టంలో మోటారు వాహనం అంటే ట్రైలర్ కూడా. అందుకే ట్రాక్టర్‌కి ఒక నంబరు, ట్రక్కుకి ఇంకో నంబరు, రెండింటికీ వేర్వేరు సి-బుక్కులు. రిజిస్ట్రేషన్ లేకుండా రోడ్డెక్కిస్తే మొదటిసారే 2 వేల నుంచి 5 వేల దాకా జరిమానా. అది చిన్న విషయం. అసలు భయం ప్రమాదం. 2018లో యాదాద్రి జిల్లా వేములకొండ దగ్గర ట్రాక్టర్ మూసీ కాలువలో పడి, పనికి వెళ్తున్న కూలీలు పదిమందికి పైగా చనిపోయారు. ట్రక్కులో మనుషుల్ని ఎక్కించకూడదు. ఎవర్నీ ఎక్కించకపోయినా, వెనక నుంచి వచ్చి గుద్దుకున్న బైకు మనిషికి ఏమైనా అయితే? ట్రక్కు నంబరు ఇన్సూరెన్స్ పాలసీలో లేకపోతే కంపెనీ చేతులెత్తేయొచ్చు. అప్పుడు ఆ పరిహారం మన పొలం మీద పడుతుంది. పైగా దొంగ నంబరు కొట్టడం క్రిమినల్ కేసు. 60 వేల ఇనుము కోసం 5 ఎకరాలు పందెం పెట్టలేను.

సరే, మరి దారేంటి? ట్రక్కుకి పేరు వెతకాలి. నేను చేసిన వరుస ఇది.

మొదటి పని, ఛాసిస్ నంబరు. ట్రక్కు ముందు భాగంలో ట్రాక్టర్‌కి తగిలించే కొక్కెం వైపున్న చానల్ మీద, లేదా పక్క చానల్ మీద నంబరు పంచ్ కొట్టి ఉంటుంది. కిరసనాయిలు రాసి ఒక రాత్రి వదిలేయండి. తెల్లారి వైరు బ్రష్‌తో మెల్లగా రుద్దండి. గ్రైండర్ మాత్రం పెట్టొద్దు, ఉన్న అక్షరాలు కూడా పోతాయి, చెరిపేశారని అనుమానం వస్తుంది. పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అచ్చు దిగుతుంది. వీడియోలో దగ్గరగా చూపించాను. నాకు చివరి అంకె తప్ప మిగతావన్నీ తేలాయి.

రెండో పని, పాత యజమాని. షెడ్డుకి ఎవరు అమ్మారో, వాళ్ళకి ఎవరు అమ్మారో అడుగుతూ వెనక్కి వెళ్ళాలి. నా విషయంలో రెండు ఊళ్ళ అవతల ఒక రైతు. నాలుగేళ్ల కిందట చనిపోయారు. వాళ్ళబ్బాయి ట్రాక్టర్ వేరేవాళ్ళకి అమ్మి, ట్రక్కుని షెడ్డుకి ఇచ్చేశాడు. సి-బుక్కు లేదన్నాడు గానీ ట్రంకు పెట్టెలో పాత ఇన్సూరెన్స్ కాగితం దొరికింది. అందులో ట్రాక్టర్ నంబరు, ట్రక్కు నంబరు, ఛాసిస్ నంబరు అన్నీ ఉన్నాయి. నా పెన్సిల్ ప్రింటుతో పోల్చాను. సరిపోయింది! ఆ నంబరు ఎంపరివాహన్ యాప్‌లో కొట్టి చూశా, రికార్డు వచ్చింది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం మొదటి పంట ఇంటికొచ్చిన రోజులాంటిది.

మూడో పని, కాగితాలు. ఇక్కడ ఎవరి పేరున ఉందో వాళ్ళే కదలాలి, కొనేవాడు ఒక్కడే ఏమీ చేయలేడు.

- సి-బుక్కు పోతే పోలీస్ స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చి, ఫారం 26తో డూప్లికేట్ అడగాలి.
- యజమాని చనిపోతే మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసుల ఒప్పుదలతో ఫారం 31 వేసి వారసుడి పేరుకి మార్చాలి.
- సి-బుక్కులో బ్యాంకు లేదా ఫైనాన్స్ పేరుంటే, అప్పు తీరినట్టు లెటరు, ఫారం 35 కావాలి. మాకు ఇక్కడే ఆలస్యమైంది. అప్పు ఎప్పుడో తీర్చేశారు, కానీ రికార్డులో కొట్టేయించలేదు.
- తర్వాత ఫారం 29, 30తో అమ్మినవారి నుంచి మన పేరుకి. అదే రాష్ట్రంలో అయితే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో తెలియజేయాలని చట్టం.
- చివర్లో బ్రేకు ఇన్‌స్పెక్టర్ ట్రక్కు చూసి ఛాసిస్ ప్రింటు సరిచూస్తారు. అంకె చెరిగిపోతే మనం కొట్టకూడదు. ఆఫీసులో దరఖాస్తు పెట్టి, అనుమతి వచ్చాకే మళ్ళీ పంచ్ చేయించాలి.

సి-బుక్కులో ట్రక్కు వ్యవసాయానికా, అద్దెకా అన్నది కూడా చూడండి. అద్దె బండిగా ఉంటే ఫిట్‌నెస్, పాత పన్ను బకాయిలు మన నెత్తిన పడతాయి.

మరి నంబరే లేని, ఊళ్ళో షెడ్డులో తయారైన ట్రక్కు సంగతి? కొత్త రిజిస్ట్రేషన్‌కి తయారీదారు ఇచ్చే ఫారం 21 అమ్మకపు సర్టిఫికెట్, ఫారం 22 కావాలి. అవి ఇచ్చేవాళ్ళు లేకపోతే కొనకండి. వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకున్న రసీదు డబ్బులిచ్చినట్టు చెప్తుంది గానీ, ట్రక్కు మీదని చెప్పదు.

ఇంకో మాట. ఛాసిస్ నంబరు దొరికాక ట్రక్కు దొంగతనం సొత్తని తేలే అవకాశం ఉంది. అలాంటప్పుడు అడ్వాన్సు పోయిందని బాధపడొద్దు, దండం పెట్టి బయటికి రండి.

మా ట్రక్కు పోయిన వారమే నా పేరు మీదకి వచ్చింది. మిగతా డబ్బు అప్పుడే ఇచ్చాను, సగం షెడ్డాయనకి, సగం తిరిగినందుకు ఆ అబ్బాయికి. షెడ్డాయన ముఖం చిట్లించాడు, కానీ కాగితం లేకుండా ఉంటే అది తుక్కే కదా అంటే ఊరుకున్నాడు. ట్రాక్టర్ పాలసీలో ట్రక్కు నంబరు చేర్పించాను, వెనక ఎర్ర రిఫ్లెక్టర్లు అంటించాను. నిన్న మొదటి లోడు ఘనజీవామృతం తోలాం.

మీరు అడ్వాన్సు ఇవ్వకముందే పెన్సిల్, కాగితం జేబులో పెట్టుకుని వెళ్ళండి. నంబరు, సి-బుక్కు, యజమాని, ఈ మూడూ ఒకచోట కలిశాకే డబ్బు తీయండి. ఉంటాను.